ఫ్యాను ఆపమన్న వియ్యంకుడు

మా వియ్యంకుడి పెదకర్మ రోజున చల్లపల్లిలో వాళ్ళ హాల్లో ఆయన ఫొటో పెద్దది చేయించి పెట్టారు. బంతిపూల దండ, కుంకుమ బొట్టు, కింద అగరొత్తులు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. భోజనాలకు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే దణ్ణం పెట్టుకుని, మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉందని చెప్పుకుంటూ వెళ్తున్నారు. నాకు మాత్రం ఏదో తేడా కొడుతోంది. మీసం ఆయనదే. ఎడమ కనుబొమ మీద చిన్నప్పటి గాటు ఆయనదే. అయినా ఎవరో పరాయి మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డట్టుంది.

ఆ తేడా కనిపెట్టింది మా మనవరాలు చిట్టి. దానికి ఆరేళ్ళు. మా కోడలు దాన్ని ఫొటో ముందు నిలబెట్టి, తాతయ్యకి దణ్ణం పెట్టుకుని ఏమన్నా చెప్పుకోమంది. అది ఫొటోకేసి కాసేపు చూసింది.

"చెప్పినా వినపడదమ్మా. చెవి మిషన్లు తీసేశారుగా," అంది.

నిజమే. ఫొటో స్టూడియో అతను మర్యాద కొద్దీ ఆయన చెవుల వెనకుండే రెండు మిషన్లనీ, చెవిలోకి దిగే సన్నటి గొట్టాలనీ కంప్యూటర్లో శుభ్రంగా తుడిచేశాడు. పోయిన మనిషిని అందంగా చూపించాలనే అతని ఉద్దేశం. కానీ ఆ పెద్దమనిషి బతికుండగా మీసమన్నా తీసేవాడేమో గానీ ఆ మిషన్లు దాచిన పాపాన పోలేదు. ఆయన పోయాక నాకు ఏడుపొచ్చింది ఆ క్షణంలోనే. అప్పటిదాకా పెద్దరికం అడ్డొచ్చింది.

ఆయన్ని నేను మొదట చూసింది మా అబ్బాయి పెళ్ళి మాటలప్పుడు. పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డారు, ఇక పెద్దవాళ్ళం కూర్చోవడమే మిగిలింది. పటమటలో మా ఇల్లు. మే నెల. బెజవాడ మే నెల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు. ఏసీ పడగ్గదిలో ఉంది, మర్యాదలు హాల్లో ఉన్నాయి. హాలు మధ్యలో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది, దాని కింద మా చుట్టాలందరూ ఒద్దికగా సర్దుకుని కూర్చున్నారు.

ఆయన లోపలికి వచ్చి, మేము చూపించిన సోఫాలో కూర్చోలేదు. గది నాలుగు మూలలా ఒకసారి చూసి, ఓ ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్ళి కిటికీకి వీపు పెట్టి వేసుకున్నాడు. మమ్మల్ని వెలుగు పడేవైపు జరగమన్నాడు. పెళ్ళిలో ఫొటోగ్రాఫరు చుట్టాల్ని సర్దినట్టు, నన్ను కొంచెం కుడికి, మా ఆవిడని కొంచెం ముందుకి సర్దాడు. ఇంకా మంచినీళ్ళైనా ముట్టకుండానే ఫ్యాను ఆపించమన్నాడు.

ఆడపిల్ల తండ్రి మగపెళ్ళివారి ఇంటికొచ్చి, అదీ మే నెలలో, ఫ్యాను ఆపమనడం మావాళ్ళు ఎక్కడా వినలేదు. మా బావమరిది మొహం కందగడ్డయింది. ఆయన అదేం పట్టించుకోకుండా, చెవి వెనక వేలు పెట్టి మిషను చూపించాడు.

"నాకు చెవుడండి. మీ మాట, ఆ ఫ్యాను మోత ఒకదాని మీదొకటి పడతన్నాయి. పిల్లనిచ్చేవాణ్ణి, ఒక్క మాట కూడా పోగొట్టుకోకూడదు కదండీ."

ఫ్యాను ఆగింది. ఇక్కడొక విషయం చెప్పాలి. ఎన్నాళ్ళుగానో నాకు నలుగురు మాట్లాడుకునే చోట ఏదీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. ఆ పూట మాత్రం అందరి మాటలూ ముత్యాల్లా వినపడ్డాయి. చల్లపల్లి వాళ్ళ ఉచ్చారణ ఎంత బాగుందో అని మనసులో మెచ్చుకున్నాను. ఫ్యాను ఆగినందువల్ల నాకు వినపడుతోందన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. నేను ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. ధ్వని పాఠం చెప్పడంలో నాకు ఊళ్ళో పేరుండేది. శ్రుతిదండం మోగించి బల్ల మీద ఆనిస్తే వెనక బెంచీ వాడు కూడా నిద్ర లేచేవాడు.

కాసేపటికి మావాళ్ళు ఉక్క భరించలేక మళ్ళీ ఫ్యాను వేశారు. ఆయన నావైపు తిరిగి ఏదో అడిగాడు. నేను వెంటనే తల ఊపి, "అలాగేనండీ, దానికేముంది" అన్నాను. ఈ 'అలాగేనండీ' మా జిల్లావాళ్ళకి ఉగ్గుపాలతో వస్తుంది. దాంతో ఎంతటి వాడికైనా మర్యాద చేయవచ్చు, ఏ మాటా వినకుండా ఒక పూట గడిపేయవచ్చు. నేను అప్పటికి కొన్నేళ్ళు గడిపేశాను.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ నా మీద పడింది. పెళ్ళికి మా తరఫున ఒక్క బస్సులో వస్తే సర్దుకోవడానికి వీలుగా ఉంటుందని ఆయన అడిగాడట, నేను దానికేముంది అన్నానట. ఆవిడ అప్పటికే మైలవరంలో తన పుట్టింటివాళ్ళని ఇంటింటికీ పిలిచి కూర్చుంది. మావాళ్ళు బస్సు టాపు మీద కూర్చుని రావాలా అని ఆ రోజంతా అడుగుతూనే ఉంది.

మర్నాడు ఆయన ఒక్కడే బస్సెక్కి మళ్ళీ మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళగానే కుర్చీ నా ఎదురుగా లాక్కున్నాడు.

"బావగారూ, నిన్న మీరు తలూపారు గానీ నా మాట వినలేదు," అన్నాడు.

భలేవారే, వినకపోవడమేంటని నేను నవ్వేశాను.

"విన్నవాడు ఒక్క క్షణం ఆగి ఊపుతాడండి. మీరు నేను మాట పూర్తిచెయ్యకముందే ఊపారు. నేనూ మిల్లులో ఏళ్ళ తరబడి అట్టాగే ఊపాను. ఊపీ ఊపీ ఒకడికి పొలం కౌలుకిచ్చేశాను, వాడు వచ్చి దుక్కి దున్నేదాకా నాకు తెలీదు."

అంతమందినీ తీసుకురండి, వండి పెట్టడానికి మాకేం బాధ లేదని మా ఆవిడతో చెప్పి, కాఫీ తాగి, వచ్చిన బస్సుకే వెళ్ళిపోయాడు. మా ఆవిడకి ఆ రోజు నుంచి ఆయన దేవుడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కొత్త చుట్టం వచ్చి నాకు చెవుడంటాడా అనుకున్నాను.

ఆయనకి చల్లపల్లిలో బియ్యం మిల్లు ఉండేది. నడి వయసు దాకా ఆ మోతలోనే బతికి, చెవులు అక్కడే పోగొట్టుకున్నాడు. మిల్లు కొడుక్కి అప్పగించాక, ఇంట్లో నిశ్శబ్దంగా ఉందేమిటని తనకి అనుమానం వచ్చిందట. చూస్తే ఇంట్లో అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఆ వారమే బెజవాడ వచ్చి పరీక్ష చేయించుకున్నాడు. మిషన్లు పెట్టుకోవడం ఆయనకి పంచె కట్టుకున్నంత మామూలు విషయం. పడుకునేటప్పుడు తీసి, భార్య కమ్మలు దాచుకునే వెల్వెట్ డబ్బాలో ఓ పక్కన పెట్టేవాడు. ఇవి వినటానికి, అవి చూపించుకోటానికి అని చెప్పేవాడు.

ఆయనతో మాట్లాడాలంటే కొన్ని పద్ధతులుండేవి. పక్క గదిలోంచి కేకేస్తే పలికేవాడు కాదు, పేరు పెట్టి పిలిచి ఎదురుగా వచ్చి చెప్పాలి. వెలుగులో నిలబడి చెప్పాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఆ చెయ్యి తనే తీసేసేవాడు, అవతలివాడు తాసిల్దారైనా సరే. అరిచి చెబితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "అరవొద్దండి. అరిస్తే మీ కోపం వినపడద్ది, మాట వినపడదు" అనేవాడు. మా అందరికీ అలవాటైన 'ఆఁ? ఏంటీ?' ఆయన నోట ఎప్పుడూ రాలేదు. విన్నంత వరకు తిరిగి అప్పజెప్పి, పోయిన ఒక్క మాటనే అడిగేవాడు. 'గుడివాడలో పెళ్ళి అన్నారు, ఎవరిదో అది అందలేదు' అనేవాడు. పోస్టులో రాని ఉత్తరం గురించి అడిగినట్టు ఉండేది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేనట్టు.

అలాగని ఆయన మహానుభావుడేం కాదు. పెళ్ళిళ్ళలో ఆయన కుర్చీలు జరిపే కార్యక్రమం మొదలుపెడితే పురోహితుడు కూడా లేచి నిలబడాల్సి వచ్చేది. సన్నాయి మేళం పక్కన కూర్చోబెట్టారని ఒకచోట భోంచేయకుండా వచ్చేశాడు. చందాలవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం ఆయన మిషన్లకి బ్యాటరీ అయిపోయేది. ఆ మాట ఆయనే చెప్పి, మీసం కింద నవ్వుకునేవాడు.

ఇక నా సంగతి. నాకు వినపడకపోవడం అనేది నా ఉద్దేశంలో లోకం చేస్తున్న తప్పు. ఈ కాలం పిల్లలు నోరు తెరిచి మాట్లాడరు. టీవీవాళ్ళు మాట తగ్గించి సంగీతం పెంచారు. మా ఆవిడ వంటింట్లోంచి గోడతో మాట్లాడుతుంది. వీటన్నిటికీ నేను కొన్ని జవాబులు తయారు చేసి పెట్టుకున్నాను. అందరూ నవ్వితే నవ్వడం ఒకటి. ఎవరేం చెప్పినా, 'కాలం అలా ఉందండీ, మనం చేసేదేముంది' అని నిట్టూర్చడం ఇంకొకటి. ఈ రెండోది ధరలకీ, ఎండలకీ, రాజకీయాలకీ, రోగాలకీ పనికొచ్చేది. పక్కింటాయన తన కూతురికి ఉద్యోగం వచ్చిందని మిఠాయి డబ్బా పట్టుకొచ్చిన రోజున మాత్రం పనికిరాలేదు. ఆయన మిఠాయి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు, మళ్ళీ చాలా రోజులు పలకరించలేదు.

ఎవరికీ తెలియకుండా నేనూ ఒక ప్రయత్నం చేశాను. పేపర్లో ప్రకటన చూసి, చెవిలో దూర్చుకునే ఓ చిన్న యంత్రం పోస్టులో తెప్పించాను. పరీక్షలూ డాక్టర్లూ అక్కర్లేదని రాశారు, అదే నాకు నచ్చింది. చిట్టి అక్షరాభ్యాసం రోజున దాన్ని పెట్టుకుని, జుట్టు చెవుల మీదకి దువ్వుకుని, పెద్దమనిషిలా పీటల పక్కన కూర్చున్నాను. పురోహితుడు మంత్రం అందుకునేసరికి నా చెవిలోంచి సన్నగా ఈల మొదలైంది. ఆయన ఆగి, సెల్‌ఫోన్లు ఆపమన్నాడు. అందరూ జేబులు తడుముకున్నారు. మా ఆవిడ కుక్కరేమోనని వంటింట్లోకి పరిగెత్తింది. నేను కూడా అందరితో పాటు అటూ ఇటూ చూస్తూ, ఎవరిదమ్మా ఆ ఫోను అని విసుక్కున్నాను.

వియ్యంకుడు ఒక్కడే ఎటూ చూడకుండా నా చెవికేసి చూశాడు. నెమ్మదిగా లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, ఏదో పనున్నట్టు పెరట్లోకి తీసుకెళ్ళి అరచెయ్యి చాపాడు. తేలు కుట్టిన దొంగలా తీసి ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరణాల్లో కళ్ళజోడు ఏరుకుంటామా బావగారూ అన్నాడు. లోపలికి వచ్చి, ఈల వేసింది తన మిషనేనని, సరిచేసుకున్నానని అందరికీ చెప్పాడు. అందరూ ఆయన్ని చూసి నవ్వారు. నేను కూడా నవ్వాను.

అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. బుద్ధి చెప్పింది చిట్టి.

దానికి కథలు చెప్పే పిచ్చి. వినే పిచ్చి కాదు, చెప్పే పిచ్చి. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఏదో ఒకటి అల్లి చెబుతుంది. అమ్మా నాన్నా ఆఫీసుల నుంచి వచ్చేదాకా దానికి దొరికేది నేనే. నా ఒళ్ళో కూర్చుని, ఊ కొట్టు తాతయ్యా అని మొదలుపెట్టేది. ఊ కొట్టడానికి నాకేం కష్టం? సన్నటి గొంతు, పక్కకి తిరిగి చెప్పే అలవాటు, నెత్తిమీద ఫ్యాను. నాకు దాని మాటల్లో పలుకు ఒక్కటీ అందేది కాదు, వట్టి రాగం వినపడేది. ఆ రాగానికి తగ్గట్టు గడియారంలా ఊ కొట్టుకుంటూ పోయేవాణ్ణి. రోజులో నాకు అంతకంటే హాయైన సమయం లేదు.

ఒక రోజున అది కథ మధ్యలో ఆపేసింది. నేను కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, ఊ అన్నాను. మళ్ళీ ఊ అన్నాను. ఇంకోసారి కూడా అన్నాక ఏదో అనుమానం వచ్చి కిందికి చూస్తే, అది తల పైకెత్తి నన్నే చూస్తోంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఒళ్ళోంచి దిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అది నాకు కథ చెప్పలేదు. సాయంత్రం కాగానే చల్లపల్లి తాతయ్యకి వీడియో కాల్ చేయించుకునేది. నాకంటే ఎక్కువ చెవుడున్న మనిషికి! ఆయనకి మొహం కనపడాలి కాబట్టి చిట్టి వెలుగులో స్టూలు వేసుకుని కూర్చునేది, ఆయన నేర్పినట్టే మా హాల్లో ఫ్యాను ఆపేసేది. ఆయన ఊ కొట్టేవాడు కాదు. ఎక్కడికక్కడ ఆపేవాడు. ఆగమ్మా, కోతి ఎక్కడ దాక్కుందన్నావు, ఆ మాట నాకు అందలేదు, ఇటు తిరిగి చెప్పు అనేవాడు. అది గర్వంగా మళ్ళీ చెప్పేది. ఆపిన కొద్దీ దాని కథ పెరిగేది. నా ఇంట్లో, నా ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ, ఇంకొకడి మనవరాలిలా కూర్చున్న నా మనవరాలిని చూస్తూ నేను కుళ్ళుకునేవాణ్ణి. ఈ సిగ్గుమాలిన అసూయే చివరికి నన్ను డాక్టరు దగ్గరికి నడిపించింది. ఇది కాకుండా ఏదైనా గొప్ప కారణం చెప్పుకోవాలని చాలా ఆలోచించాను, దొరకలేదు.

నేను ఫోన్ చేస్తే ఆయన ఎందుకని అడగలేదు. మర్నాడు పొద్దున్నే దిగి, తను చూపించుకునే చోటికే నన్ను తీసుకెళ్ళాడు. ముందు డాక్టరు చెవిలో గులిమి ఉందేమోనని చూశాడు. నాకు లోలోపల ఆశ, అదంతా గులిమే అయి ఉంటుందని. ఉన్నది కాస్తే, అది తీశాక కూడా లోకం మారలేదు. ఆ తర్వాత ఆడియాలజిస్టు, చిన్న వయసు అమ్మాయి, నన్ను అద్దం ఉన్న ఓ గదిలో కూర్చోబెట్టింది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంది. జీవితమంతా పరీక్షలు పెట్టినవాణ్ణి, పరీక్షలో తప్పడం నాకు చేతకాదు. రెండు మూడు శబ్దాలు వినగానే వాటి మధ్య ఎడం ఎంతో పట్టేశాను. ఇక ఆ లెక్కన టకటకా నొక్కుకుంటూ పోయాను. ఆ అమ్మాయి తలుపు తీసుకుని వచ్చింది.

"సార్, నేనింకా శబ్దం ఇవ్వట్లేదండి," అంది.

అద్దం అవతల మా వియ్యంకుడు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నాకు మాత్రం చిట్టి మొహం కళ్ళముందు కదిలింది. ఇక్కడా ఊ కొట్టానన్నమాట.

రెండోసారి నిజాయితీగా నొక్కాను. కాగితం మీద వచ్చిన గీత మొదట్లో బాగానే ఉండి, సన్నటి శబ్దాల దగ్గరికి వచ్చేసరికి గట్టు తెగినట్టు కిందికి జారిపోయింది. మీకు గొంతు వినపడుతుంది, అందులోని పలుకులు వినపడవు, అందుకే మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ ఏం మాట్లాడుతున్నారో తెలియదని ఆ అమ్మాయి వివరించింది. రెండు చెవులకీ పెట్టుకోవాలంది. పెట్టగానే అయిపోదు, మెదడుకి అలవాటు కావాలి, కొన్ని వారాలపాటు వస్తూ ఉండండి, సరిచేస్తూ ఉంటానంది. నేను ఏ పాఠం చెప్పిన మాస్టర్నో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

వచ్చిన పనిలో పనిగా ఆయన తన మిషన్లు కూడా చూపించాడు. ఆ అమ్మాయి ఒకటి విప్పి, దీన్లో ఈ తవుడేమిటండీ అని అడిగింది. వానాకాలం తేమకి పాడవకుండా ఆయన వాటిని ఆ వెల్వెట్ డబ్బాలోంచి తీసి బియ్యం డబ్బాలో దాస్తున్నాడట. మిల్లు నడిపిన మనిషికి బియ్యం మీద ఉండే నమ్మకం అలాంటిది. బియ్యంలో పెట్టొద్దని, ఆరబెట్టడానికి వేరే డబ్బా ఉంటుందని ఆ అమ్మాయి మెత్తగానే కేకలేసింది. ఆయన బుద్ధిమంతుడిలా విని, బయటికి వచ్చాక, ఆ పిల్ల మన బియ్యం మీద నేరం మోపింది బావగారూ అని దారి పొడుగునా బాధపడ్డాడు. కానీ ఆ డబ్బా కొనుక్కునే ఊరికెళ్ళాడు.

మిషన్లు వచ్చిన మొదటి రోజులు నరకం. నా చెప్పుల చప్పుడుకి నేనే వెనక్కి తిరిగి చూశాను. పేపరు మడిస్తే చెవిలో గోనెసంచి చింపినట్టుండేది. మా ఆవిడ నేను ఏళ్ళ తరబడి అనుకున్నట్టు గోడతో మాట్లాడడం లేదని, నా గురించే మాట్లాడుతోందని తెలిసింది. నాకు వినపడుతోందని తెలిశాక ఆవిడ కొన్నాళ్ళు చాలా ముభావంగా ఉంది. తీసి బీరువాలో పడేద్దామనుకున్నాను. కానీ రోజూ మధ్యాహ్నం చల్లపల్లి నుంచి ఫోను వచ్చేది. ఇవాళ కొత్తగా ఏం వినపడింది బావగారూ అని అడిగేవాడు. పోపులో ఆవాలు చిటపటలాడడం వినపడిందని చెప్పిన రోజున, పంట చేతికొచ్చినంత సంబరపడ్డాడు. ఆయనకి ఏదో ఒకటి చెప్పాలి కదా అని నేను రోజంతా మిషన్లు పెట్టుకుని తిరిగేవాణ్ణి.

అన్నీ వినపడుతున్నాయి. చిట్టి కథ మాత్రం నాకు రాలేదు. బడి కబుర్లు చెప్పేది, చాక్లెట్టు అడిగేది. కథ చెప్పమంటే, "నీకు చెప్పినా చెప్పకపోయినా ఒకటేగా తాతయ్యా" అనేది. కోపం లేకుండా, ఉన్న విషయం చెప్పినట్టు అనేది. అందుకే ఎక్కువ తగిలేది.

ఒకసారి చల్లపల్లి వెళ్ళినప్పుడు ఆ సంగతి ఆయన దగ్గర వెళ్ళగక్కాను. మిల్లు అరుగు మీద కూర్చున్నాం. ఆయన కుర్చీ జరిపి, నా మొహం వెలుగులో పెట్టించి, అంతా విన్నాడు.

"మిషను సగమే వింటది బావగారూ. మిగతా సగం మనం నోరు తెరిచి అడుక్కోవాలి. మీరు ఇప్పటికీ అడగట్లేదు. ఇందాక మావాడు ఏదో అంటే నవ్వి తలూపారు, నేను చూశాను."

నిజంగానే ఊపాను. అందరి ముందూ 'నాకు అందలేదు' అనడానికి నా నోరు రాదు. మిషను కనపడితే పడనీ, ఆ మాట మాత్రం నోట్లోంచి రాదు.

"మనవాళ్ళు చెవిటోడి ముందు శంఖం ఊదిన సామెత చెప్పుకుని నవ్వుతారు. శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడంట. కానీ వాడు అడిగాడండి. మీరైతే, చాలా బాగుందండీ అని వచ్చేసేవారు."

మాఘమాసంలో ఒక పొద్దున అదే అరుగు మీద పేపరు చదువుకుంటూ ఒరిగిపోయాడు. బాధ పడలేదన్నారు. ముందు రోజు సాయంత్రం చిట్టి ఆయనకి గేదె రైలెక్కిన కథ చెబుతోంది. బెజవాడ స్టేషన్లో ఒక గేదె ఎవరూ చూడకుండా రైలెక్కుతుంది. గేదె ఎక్కడ దిగిందో రేపు చెబుతానని ఫోను పెట్టేసింది. ఆ రేపు రాలేదు. ఆ తర్వాత అది ఎవరికీ కథలు చెప్పలేదు. సాయంత్రం ఆ వేళకి హాల్లోకి వచ్చి, స్టూలు మీద కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయేది. దాన్ని చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడేది, ఏం చెయ్యాలో తోచేది కాదు.

చేతనైన పని ఒక్కటే కనపడింది. ఆయన మామూలు ఫొటో ఒకటి తీసుకుని ఆ స్టూడియోకి వెళ్ళాను. చెవి మిషన్లు ఉన్నవి ఉన్నట్టు ఉంచి మళ్ళీ వెయ్యమన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. పులిపిర్లు తీయమనేవాళ్ళనీ, జుట్టు నల్లగా చేయమనేవాళ్ళనీ చూశాడట గానీ, ఇలా అడిగినవాణ్ణి చూడలేదట. ఫొటోలో చెవుడు కనపడితే బాగోదేమో సార్ అన్నాడు. నేను జుట్టు పక్కకి తోసి నా చెవి చూపించాను. అలా ఒక కొత్త మనిషికి చూపించడం నాకు అదే మొదటిసారి. చల్లపల్లికి పెద్దది పంపి, మా హాలుకి ఒక చిన్నది చేయించాను.

దాన్ని గోడకి తగిలించిన రోజు సాయంత్రం చిట్టి వచ్చి కింద నిలబడి, కుడి చెవి చూసింది, ఎడమ చెవి చూసింది. తృప్తిపడ్డట్టు తల ఊపింది. విన్నవాళ్ళలాగే ఒక్క క్షణం ఆగి ఊపింది. తర్వాత నాకు వీపు పెట్టి, ఫొటోకేసి తిరిగి, చేతులు తిప్పుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. గేదె, రైలు అన్న మాటలు వినపడ్డాయి. తర్వాత ఫ్యాను మోతలో మాటలు జారిపోయాయి. మళ్ళీ ఆ పాత రాగమొక్కటే మిగిలింది.

నా కుర్చీలో కదలకుండా కూర్చుని అలా వింటూ ఉంటే సరిపోయేది. అది చెబుతున్నది నాకు కాదు కదా. పైగా ఇప్పుడు అడిగితే, ఇన్నాళ్ళకి మొదలుపెట్టిన కథ ఆపేస్తుందేమోనని భయం. బళ్ళో లేచి నిలబడి తప్పు ఒప్పుకోబోయే పిల్లాడిలా గొంతు సవరించుకున్నాను.

"ఆగమ్మా. గేదె ఎక్కడ దిగిందన్నావు? ఆ మాట నాకు అందలేదు," అన్నాను.

అది వెనక్కి తిరిగింది. ఒళ్ళోంచి దిగి వెళ్ళిన రోజున చూసినట్టే చాలాసేపు నన్ను చూసింది. తర్వాత వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి ఫ్యాను స్విచ్చి ఆపేసింది. స్టూలు కిటికీ వెలుగులోకి లాక్కుని, నా కుర్చీకి ఎదురుగా వేసుకుని, మోకాళ్ళు నా మోకాళ్ళకి ఆనేలా కూర్చుంది.

"మొదట్నించీ చెప్తాను. ఊ కొట్టొద్దు తాతయ్యా. అందకపోతే అడుగు," అంది.

మళ్ళీ మే నెలే. హాల్లో గాలి కదలడం లేదు. గేదె రైలెక్కింది. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకుండా, దాని పెదవులకేసి చూస్తూ కూర్చున్నాను.